పెత్తనం వేరు, పెద్దరికం వేరు

ప్రశ్న: రెండేళ్లుగా మిత్రులం కొంతమందిమి కలిసి రాజకీయ సిద్ధాంతం చదువుతున్నాం. ఇటలీ మార్క్సిస్టు గ్రాంషీ దగ్గర మొదలుపెట్టి ఫ్రెంచి తత్వవేత్త ఫూకో దాకా వచ్చాం. ఇప్పుడు కూర్చుంటే గొడవలే. రాజ్యం (స్టేట్) అంటే డబ్బున్నవాళ్ల చేతిలో పనిముట్టు అని ఒకరంటారు. అధికారం అంతటా ఉంది కాబట్టి రాజ్యం గురించి మాట్లాడటమే పాతబడిపోయిందని ఇంకొకరు. కంపెనీలే ఏలుతుంటే ఇంకా రాజ్యం ఎక్కడుంది అని మూడో ఆయన. నా బాధ వేరే. నాన్న పోయాక ఒక దరఖాస్తు నింపుతుంటే, 'కుటుంబ యజమాని' అన్న గడిలో అమ్మ నా పేరు రాయించింది. ఇల్లు నడిపేది, లెక్కలు చూసేది అంతా ఆమే. "ఇదే హెజిమొనీ, పాలకుల ఆలోచనలు మింగేసి నీకు తెలియకుండానే బానిసవయ్యావు" అని అరిచాను. "నీ పేరు రాస్తే కాయితం ముందుకెళ్తుంది, నా పేరు రాస్తే నాలుగు ప్రశ్నలడుగుతారు" అంది. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటోంది. మన ఆలోచనలే మనవి కాకపోతే నా తిరుగుబాటు మాత్రం నాదని ఎలా నమ్మాలి? సమ్మతితోనే పాలిస్తారంటే మరి లాఠీ ఎందుకు? మళ్లీ ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలి?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో గ్రాంషీ ఉన్నాడు, ఫూకో ఉన్నాడు, మీ మిత్రుల వాదనలున్నాయి. కానీ రాజ్యం ఎలా పనిచేస్తుందో ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి అందులో ఒక్కరే, మీ అమ్మగారు. ఆవిడ మాటలో మోసపోయిన జాడ నాకెక్కడా కనిపించలేదు. కౌంటర్ అవతల కూర్చున్న మనిషి ఏ పేరు చూస్తే తలెత్తకుండా ముద్ర వేస్తాడో, ఏ పేరు దగ్గర పెన్ను ఆపి "ఇదేంటమ్మా" అంటాడో ఆవిడకు తెలుసు. తెలిసి, తను ఎన్నిసార్లు తిరగగలదో లెక్కేసుకుని, ఒక పేరు ఎంచుకుంది. దాన్ని మీరు బానిసత్వం అన్నారు. నొచ్చుకోరా మరి? సిద్ధాంతం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి.

మీరు పొరపాటు పడ్డ చోటు నాకు బాగా తెలుసు, ఎందుకంటే చాలా ఏళ్లు నేనూ అక్కడే ఉన్నాను. తెలుగులో బలంతో నెగ్గే డామినేషన్‌కీ ఒప్పించి నడిపే హెజిమొనీకీ రెండింటికీ మనం 'ఆధిపత్యం' అనే రాసేస్తాం. మరీ అవసరమైతే ముందు 'భావజాల' అని తగిలిస్తాం. దాంతో రెండూ కలిసిపోయి, హెజిమొనీ అంటే జనం బుర్రల్లోకి దూరిన డామినేషన్ అన్నట్టు తయారవుతుంది. నిజానికి మన రోజువారీ మాటల్లోనే ఒక మంచి జంట ఉంది, పెత్తనం, పెద్దరికం. పెత్తనం చెలాయిస్తారు, ఎదుటివాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. పెద్దరికం అలా చెలాయించేది కాదు, అది ఎదుటివాళ్లు ఇవ్వాలి. ఇచ్చాక కూడా నిలబెట్టుకోవాలి, అంటే నలుగురి మంచీచెడ్డా చూడాలి, కొన్నిచోట్ల తన వాటా తగ్గించుకోవాలి, తన మాట అందరి మాటలా వినిపించేట్టు మాట్లాడాలి. గ్రాంషీ హెజిమొనీ అన్నది ఈ పెద్దరికానికి దగ్గరగా ఉంటుంది. ఏ వర్గమైనా మిగతావాళ్లకు నాయకత్వం వహించాలంటే వాళ్ల ప్రయోజనాలనూ వాళ్ల మొగ్గునూ లెక్కలోకి తీసుకోవాలి, రాజీపడాలి, ఆర్థికంగా కొన్ని త్యాగాలు చెయ్యాలి, అయితే ఆ త్యాగాలు దాని అసలు ప్రయోజనం జోలికి మాత్రం రాకూడదు అని ఆయన జైలు నోట్సులో స్పష్టంగానే రాసుకున్నాడు. ఈ ఒక్క ముక్క వదిలేసి చదివితే హెజిమొనీ అంటే బ్రెయిన్‌వాష్ అనే అనిపిస్తుంది. మీ బృందంలో జరిగింది అదేనని నా అనుమానం.

ఆయనకు ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో కూడా చూడండి. 1920 సెప్టెంబరులో ఇటలీ కార్మికులు ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకున్నప్పుడు ఆయన టూరిన్‌లో వాళ్ల పక్కనే ఉన్నాడు. అది జరిగి రెండేళ్లు దాటాయో లేదో ముస్సోలినీ గద్దెనెక్కాడు. 1926 నవంబరులో గ్రాంషీని అరెస్టు చేశారు. 1929లో జైల్లో రాసుకోవడం మొదలుపెట్టి 1935 దాకా రాశాడు, 1937 ఏప్రిల్‌లో చనిపోయాడు. 1917లో రష్యాలో అంత తొందరగా కూలిన రాజ్యం పడమటి దేశాల్లో ఎందుకు కూలలేదు? అక్కడ రాజ్యం బయటి కందకం మాత్రమే, దాని వెనక బడులు, చర్చిలు, పత్రికలు, సంఘాలు కోటల్లా వరసగా ఉన్నాయి అన్నది ఆయన జవాబు. కళ్ల ముందే ఓడిపోయిన మనిషి, తనతో కలిసిరాని కోట్లమందిని తెలివితక్కువవాళ్లు అని తిట్టుకోకుండా తనను తాను అడిగిన ప్రశ్న అది. నాకు గ్రాంషీ మీద ఇంత ప్రేమ ఉండటానికి సగం కారణం ఇదే.

ఇక లాఠీ. సమ్మతి ఉంటే బలప్రయోగం ఎందుకు అన్నది చాలామందిని తికమకపెట్టే ప్రశ్నే, కానీ ఇందులో ఒక పొరపాటు దాగి ఉంది. సమ్మతీ బలమూ ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గే తక్కెడ పళ్లాలని మనం అనుకుంటాం. రెండూ ఒకే సమయంలో, వేరువేరు మనుషుల మీద పనిచేస్తాయని అనుకోం. బ్రిటన్‌లో ప్రధాని మార్గరెట్ థాచర్ కాలం చూడండి. 1980లో చట్టం చేసి, ప్రభుత్వ ఇళ్లలో అద్దెకుంటున్నవాళ్లకు ఆ ఇళ్లనే తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చారు. ఆ పదేళ్లలో పది లక్షలకు పైగా ఇళ్లు అలా అమ్ముడుపోయాయి. తలుపుకి తనకు నచ్చిన రంగు వేసుకోగలిగిన కుటుంబం దృష్టిలో అది ప్రచారం కాదు, చేతికి అందిన ఇల్లు. అదే ప్రభుత్వం 1984-85లో గని కార్మికుల సమ్మె మీదకు పోలీసుల్ని పంపింది, 11 వేలకు పైగా అరెస్టులు జరిగాయి. ఇల్లు అందినవాళ్లలో చాలామందికి ఆ లాఠీలు తమ ఇంటికి కాపలాలా కనిపించాయి. సమ్మతి చేసే పని ఇది, లాఠీ ఎవరి మీద పడితే మిగతావాళ్లు ఊరుకుంటారో అది తేలుస్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో రాజ్యానికి ఇచ్చిన నిర్వచనంలో మనందరికీ గుర్తుండేది హింస మీద గుత్తాధిపత్యం అన్న ముక్క. ఆ హింసకు ముందు ఆయన పెట్టిన 'న్యాయసమ్మతమైన' అన్న మాటని మాత్రం మింగేస్తాం.

థాచర్ ఇంకా గెలవకముందే, 1979 జనవరిలో, స్టువర్ట్ హాల్ ఒక వ్యాసం రాశాడు. జమైకాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడ్డ ఆలోచనాపరుడు ఆయన. జనం మోసపోయి కుడివైపు పోతున్నారు అనే వామపక్ష మిత్రులతో ఆయన ఒప్పుకోలేదు. సంక్షేమ రాజ్యం జనానికి చాలాచోట్ల క్యూలా, కసురుకునే గుమాస్తాలా ఎదురైంది, ఆ అనుభవం నిజం, దాన్ని పట్టుకుని మాట్లాడినవాళ్లకు పట్టు దొరికింది అన్నాడు. మీ అమ్మగారు నిలబడ్డ కౌంటర్ గుర్తొస్తోందా? అక్కడ ఆవిడకు కలిగే విసుగు ఎటువైపైనా పోవచ్చు. ఆ విసుగుతో ముందుగా ఎవరు మాట కలిపితే వాళ్ల వైపు పోతుంది.

అన్ని రాజ్యాలకూ ఈ పెద్దరికం ఉండి తీరాలని కూడా లేదు. వలస పాలన విషయంలో చరిత్రకారుడు రణజిత్ గుహ వాదించింది అదే. భారతదేశంలో బ్రిటిష్ రాజ్యం పెత్తనమే తప్ప హెజిమొనీ కాదు, ఒప్పించడం కంటే అణచడమే అక్కడ ఎప్పుడూ ఎక్కువ తూగింది అని. కాబట్టి అణచివేత కనిపించిన ప్రతిచోటా హెజిమొనీ అనే మాట అతికించకండి. ఆ మాటకి పదును ఉండాలంటే అది లేని చోటు కూడా మనకు తెలియాలి.

ఇప్పుడు మీ మిత్రుల దగ్గరికి వద్దాం. కంపెనీలే ఏలుతున్నాయి అనే ఆయనకు జవాబు చిన్నది. 2008 అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు మునిగిపోతుంటే ఒడ్డున పడెయ్యడానికి 70 వేల కోట్ల డాలర్ల చట్టం చేసింది ఎవరు? 2020లో ఇంట్లోంచి కదలొద్దు అంటే దేశాలకు దేశాలు ఆగిపోయింది ఎవరి మాటకి? కంపెనీల బలాన్ని తక్కువ చెయ్యడం లేదు, ఆ బలం చట్టం, కాంట్రాక్టు, కోర్టు, కరెన్సీ అనే నాలుగు గుంజల మీద నిలబడి ఉంది, ఆ గుంజలు పాతేది రాజ్యమే.

పనిముట్టు అనే ఆయనతో మాత్రం ఓపిగ్గా మాట్లాడాలి, ఆయన చెప్పేదాంట్లో బలం ఉంది. 1969లో బ్రిటన్ మార్క్సిస్టు రాల్ఫ్ మిలిబాండ్ ఇదే దారిలో వెళ్లి, పైస్థాయి అధికారులూ మంత్రులూ న్యాయమూర్తులూ ఏ కుటుంబాల నుంచి వస్తారో, ఎవరితో చదువుకున్నారో ఆధారాలతో చూపించాడు. దాని మీద గ్రీకు మార్క్సిస్టు నికోస్ పౌలాంట్జాస్‌కీ ఆయనకీ నడిచిన వాదన ఇప్పటికీ చదవదగ్గది. కుర్చీలో ఎవరు కూర్చున్నా రాజ్యం ఎందుకు దాదాపు ఒకేలా నడుస్తుంది అన్నది పౌలాంట్జాస్ ప్రశ్న. 1978 నాటికి ఆయన చేరిన చోటు నాకు చాలా ఇష్టం. రాజ్యం వస్తువు కాదు, ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరు జేబులో పెట్టుకోవడానికి. అది వర్గాల మధ్య బలాబలాలు గడ్డకట్టిన రూపం. అంటే కింది జనం పోరాటాలు రాజ్యం గోడ బయట ఆగిపోవు, దాని లోపలికి, దాని కాగితాల్లోకి కూడా పాకుతాయి. అయితే అందరికీ సమానమైన మైదానం కూడా కాదది, ఒకవైపు వాలి ఉంటుంది.

ఇది గాల్లో మాటలా అనిపిస్తే మీ ఇంట్లో గొడవ పెట్టిన ఆ గడినే తీసుకోండి. రెండంగుళాల గడి, ఒక్క పేరుకే చోటు. ఇద్దరు కలిసి నడిపే ఇల్లయినా, మీ ఇంట్లోలా తల్లే నడిపే ఇల్లయినా ఆ గడికి అనవసరం, దానికి ఒక్క పేరు కావాలి. ఆ పేరు రాసిన రోజు నుంచి నోటీసు ఆ పేరుకే వస్తుంది, సంతకం ఆ మనిషే పెట్టాలి, ఏదైనా అందాల్సి ఉంటే ఆ పేరు మీదే అందుతుంది. నాలుగేళ్లకి ఇంట్లోవాళ్లే "నీ పేరు మీద ఉంది కదా, నువ్వే చెప్పు" అనడం మొదలుపెడతారు. గడి ఇంటిని వర్ణించలేదు, ఇంటిని తనకు తగ్గట్టు మలుచుకుంది. అధికారం అంతటా ఉంది అని ఫూకో అన్నది ఇలాంటి చోట్లను చూసే. రాజకీయ ఆలోచనలో మనం ఇంకా రాజు తల నరకలేదు అని ఆయన 1976లో రాశాడు, అంటే అధికారం అనగానే ఇంకా పైనుంచి 'వద్దు' అనే గొంతునే వెతుకుతున్నాం అని. కానీ ఆయన రాజ్యాన్ని పక్కన పెట్టేశాడని మీ మిత్రుడు అనుకోవడం తప్పు. 1977-78లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు జనాభాను లెక్కించడం, జబ్బుల్ని లెక్కించడం, ధాన్యం కొరతను సంభాళించడం లాంటి పనుల్లోంచి రాజ్యం ఎలా తయారైందో చెప్పేవే.

ఈ గడికి చరిత్ర కూడా ఉంది. అమెరికా జనాభా లెక్కల్లో 1970 దాకా భర్త ఇంట్లో ఉంటే కుటుంబ పెద్ద ఆయనే, భార్యని ఆ పేరుతో నమోదు చేసేవాళ్లే కాదు. 70ల్లో మహిళా ఉద్యమం దీని మీద గట్టిగా పట్టుబట్టింది. 1980 లెక్కల్లో 'కుటుంబ పెద్ద' అన్న మాటే తీసేశారు, ఇల్లు ఎవరి పేరు మీద సొంతంగానో అద్దెకో ఉందో వాళ్లలో ఎవరైనా మొదటి వరసలో రాసుకోవచ్చు అన్నారు. అదొక్కదానితో ఇళ్లలో పెత్తనం పోయిందని నేననను. కానీ ఒక ఫారంలో ఒక మాట మారడానికి పదేళ్ల ఒత్తిడి కావాల్సి వచ్చిందంటే ఆ మాట ఎంత బరువు మోస్తోందో చూడండి. బలాబలాలు గడ్డకట్టడమంటే ఇదే, ఆ గడ్డ కరగడం కూడా ఇలాగే ఉంటుంది.

అసలు మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్నకి వస్తాను. నా ఆలోచనే నాది కాకపోతే నా తిరుగుబాటు నాదెలా అవుతుంది? దీన్ని తేలిగ్గా తీసుకోను, ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయి చదువే మానేసినవాళ్లని చూశాను. హెజిమొనీని సందు లేని గోడలా ఊహించుకుంటేనే ఈ టెన్షన్. గ్రాంషీ అలా ఊహించలేదు. పనిచేసే మనిషిలో రెండు చైతన్యాలుంటాయి అన్నాడు, ఒకటి చేసే పనిలో దాగి ఉంటుంది, తోటివాళ్లతో కలుపుతుంది, ఇంకొకటి పెద్దలనుంచి అలాగే అందుకున్న మాటల్లో ఉంటుంది. రెండూ ఎప్పుడూ పొసగవు. మీ అమ్మగారు పనిలో ఇంటి యజమాని, కాగితం మీద కాదు. ఆ తేడా ఆవిడకు రోజూ తగులుతూనే ఉంటుంది. లోకజ్ఞానం అని మనం అనేదాన్ని గ్రాంషీ రకరకాల కాలాల గుడ్డపీలికలు కుట్టిన బొంతలా చూశాడు, అందులో పాలకుల మాటా ఉంటుంది, అనుభవంలో రాటుదేలిన మంచి వివేకమూ ఉంటుంది. మీ తిరుగుబాటు ఎవరి మాటా తగలకుండా పుట్టినదై ఉండాలని ఎందుకు కోరుకుంటున్నారు? ఎవరి ఆలోచనా అలా పుట్టదు. అది ఎక్కడనుంచి వచ్చిందో వెతకడం కన్నా, అది మిమ్మల్ని ఎవరి పక్కన నిలబెడుతోందో చూసుకోవడం మేలు. ఆ రోజు అది మిమ్మల్ని అమ్మకి ఎదురుగా నిలబెట్టింది.

ఇక్కడ అమెరికా రాజకీయ శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్‌ని తప్పకుండా చదవండి, గ్రాంషీ వైపువాళ్లకి ఆయన మంచి మందు. 1978-80 మధ్య మలేసియాలో వరి పండించే ఒక గ్రామంలో ఉండి చూశాడు. కోత యంత్రాలు వచ్చి పేదల కూలిపని పోయింది. భూస్వామి ముందు వాళ్లు వంగి మాట్లాడతారు, వెనక తిడతారు, పని సాగదీస్తారు, గింజలు దాస్తారు. వీళ్లేమీ మోసపోలేదు, బయటికి కనిపించే వినయం ఒక వేషం అన్నాడు ఆయన. తప్పదు అనుకోవడం వేరు, న్యాయం అనుకోవడం వేరు అన్న తేడా నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. మీ అమ్మగారు "ఇది న్యాయం" అనలేదు గమనించారా? "ముందుకెళ్తుంది" అన్నారు, అంతే. నాకు స్కాట్‌తో ఉన్న పేచీ ఒక్కటే, 'తప్పదు' అని అందరూ అనుకోవడం కూడా ఎవరో కష్టపడి తయారుచేసిందే, అది దానంతటది వచ్చిన వాతావరణం కాదు. అక్కడ మళ్లీ గ్రాంషీ కావాల్సి వస్తాడు.

మరి ఆ 'తప్పదు'ని ఎదిరించే కూటమి ఎలా కడతారు అంటే, 1985లో రాజకీయ సిద్ధాంతవేత్తలు ఎర్నెస్టో లాక్లావ్, షాంతాల్ మూఫ్ కలిసి రాసిన పుస్తకం దగ్గరికి వెళ్లాలి. వేరువేరు బాధలు ఒకే తాటి మీదకి రావాలంటే వాటిని కలిపి పట్టుకునే ఒక మాట, ఒక పేరు కావాలి, అందరూ అందులో తమది చూసుకోవాలంటే ఆ మాట కొంత ఖాళీగా ఉండాలి అంటాడు లాక్లావ్. ఆయన అర్జెంటీనావాడు. అక్కడ 1955లో అధ్యక్షుడు పెరోన్‌ని దించేసి, 1956లో ఆ పేరెత్తడమే నేరం చేశారు. దాంతో 'పెరోన్ తిరిగి రావాలి' అన్న కోరికలో కార్మిక సంఘాలు, యువ వామపక్షం, పచ్చి మితవాదులు అందరూ తమతమ కలలు పోసుకున్నారు. ఆయన నిజంగానే తిరిగొచ్చిన 1973 జూన్ 20న, విమానాశ్రయం దగ్గర స్వాగతం చెప్పడానికి వచ్చిన జనం మీద ఆయన మితవాద అనుచరులే కాల్పులు జరిపారు. ఖాళీ మాట అందరినీ కలుపుతుంది, కానీ దాన్ని దేంతో నింపాలో ముందే మాట్లాడుకోకపోతే ఏమవుతుందో అక్కడ రక్తంతో రాసి ఉంది. లాక్లావ్ ఆలోచన నాకు ఉపయోగపడింది గానీ, మాటల గొలుసు మీద పెట్టిన శ్రద్ధ సంస్థల మీద, కాగితాల మీద ఆయన పెట్టలేదని నా ఫిర్యాదు.

ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలో అడిగారు. ఓ నెల పాటు కొత్త పుస్తకం ఏదీ తెరవకండి. వచ్చేసారి కలిసినప్పుడు ఆ దరఖాస్తు ఫారం ఖాళీది ఒకటి తీసుకెళ్లి మధ్యలో పెట్టండి. ఒక్కో గడి ఎవరు అడిగితే వచ్చింది, దాన్ని ఖాళీగా వదిలేస్తే ఎవరు ఆపుతారు, ఏ గడిలో అబద్ధం రాస్తే పని తేలికవుతుంది, ఏ గడి వల్ల మనకు నిజంగా ఏదైనా అందుతుంది, ఇవి అడుగుతూ పోండి. పనిముట్టు అనే ఆయన, అధికారం అంతటా అనే ఆయన ఇద్దరూ ఒకే కాగితం మీద వేలు పెట్టి మాట్లాడాల్సి వస్తుంది. ఆ తర్వాత గ్రాంషీ నోట్సులో రాజ్యం, పౌర సమాజం (బడులు, చర్చిలు, పత్రికలు, సంఘాలు) గురించిన పేజీలు, ఆపైన పౌలాంట్జాస్, చివర్లో స్కాట్.

ఆ సమావేశానికి ముందు మాత్రం అమ్మ దగ్గర కూర్చోండి. క్షమించమని అడిగాక, ఆ నాలుగు ప్రశ్నలూ ఏమిటో అడగండి. ఆవిడ పేరు రాస్తే వాళ్లు అడిగే నాలుగు ప్రశ్నలు. ఇంతకుముందు ఎవరు అడిగారు, ఏ పని మీద వెళ్లినప్పుడు, ఆవిడ ఏం జవాబు చెప్పారు, ఎన్నోసారికి పని అయింది అన్నీ ఆవిడ మాటల్లోనే రాసుకోండి. చదివి వినిపించి, తప్పులుంటే ఆవిడనే దిద్దమనండి. ఆవిడ సరేనంటే ఆ కాగితాన్ని కూడా ఫారం పక్కన పెట్టండి.